యజమాని కాదన్న నష్టపరిహారము – అడుగవలసిన తీరు

మగ్గము మీద కూలి గిట్టక మన యువకులలో చాలామంది మరమగ్గముల షెడ్డులకు పోయినారు. షోలాపూరులో గాని, భీవండిలో గాని మనవారి ఇండ్లు తట్టి చూచినచో సాంచెల మీద పనిచేయువారు లేని ఇల్లు అరుదు. చేతిమగ్గము మనిషి ఆగితే ఆగును. సాంచె అట్లు ఆగదు. నాడె ఎగిరి కంటికి తగులును. పళ్లచక్రములో వేలు పడును. కండెలు చుట్టు స్త్రీల కొంగును యంత్రము లాగుకొనును. దెబ్బ తగిలిన పిమ్మట మా సంఘ కార్యాలయమునకు వచ్చువారు చెప్పు మాట దాదాపు ఒక్కటే: “సేటు ఇవ్వనన్నాడండీ, ఇంక ఏమున్నది?”

ఉన్నది. సేటు ఇవ్వననుట తీర్పు కాదు, ఒక పక్షము వారి వాదము మాత్రమే. బీమా కంపెనీ పంపిన నిరాకరణ ఉత్తరము కూడ అంతే. తీర్పు చెప్పుటకు వేరే అధికారి ఉన్నాడు. 1923 నాటి నష్టపరిహార చట్టములో ఆయనను కమిషనరు అన్నారు. మహారాష్ట్రలో లేబరు కోర్టు జడ్జీలు, తమిళనాడులో లేబరు డిప్యూటీ కమిషనర్లు ఆ పని చూచుచు వచ్చినారు. 2020లో పార్లమెంటు చేసిన సామాజిక భద్రతా కోడు 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. ఈ కోడులో ఆ అధికారికి సమర్థాధికారి అని పేరు. పాత చట్టపు ముఖ్య సూత్రములు కొత్తదానిలోను నిలిచినవి. అయినను అర్జీ వ్రాయించునపుడు ప్రమాదము ఆ తేదీకి ముందు జరిగినదా, తరువాతనా అని వకీలుకు మొదటనే చెప్పవలెను.

మేము దగ్గరనుండి చూచిన ఒక కేసు చెప్పెదము. పేర్లు అక్కరలేదు. 2021లో మా ఊరి షెడ్డు ఒకదానిలో ముప్పది ఏండ్ల నేత కార్మికునికి రాత్రి పాళీలో కుడిచేతి చూపుడువేలు పళ్లచక్రములో పడి రెండు కణుపులు పోయినవి. జాబరు ఆటోలో ఆసుపత్రికి తీసుకొనిపోయి, “ఇంటివద్ద తలుపు సందున పడినది” అని డాక్టరుకు చెప్పినాడు. ఆసుపత్రి కాగితము మీద అదే ఎక్కినది. బిల్లు సేటు కట్టినాడు. ఇంటివారు చేతులెత్తి దణ్ణము పెట్టినారు. మూడు నెలలకు గాయము మాని పనికి పోగా, “వేలు లేనివానితో నాకేమి పని?” అన్నారు. పరిహారము మాట ఎత్తగా, “బిల్లు దయతో కట్టితిని; వీడు నా రిజిస్టరులో లేడు, జాబరు మనిషి” అన్నారు.

తండ్రి మా వద్దకు వచ్చునప్పటికి పదునాలుగు నెలలు గడచినవి. ప్రమాదము జరిగిన రెండు సంవత్సరములలోగా అర్జీ పడవలెను. తగిన కారణము చూపినచో ఆలస్యమును అధికారి మన్నింపవచ్చును గాని, ఆ మన్నింపును నమ్ముకొని కూర్చొనరాదు. మేము వెంటనే నోటీసు పంపితిమి. అందులో మా వలన ఒక పొరపాటు జరిగినది. ప్రమాదము అర్ధరాత్రి దాటి ఒంటిగంటకు జరిగినది. మేము పాళీ మొదలైన తేదీ వేసితిమి. ఆసుపత్రి కాగితములో మరునాటి తేదీ ఉన్నది. ఎదుటి వకీలు ఆ ఒక్కరోజు తేడా పట్టుకొని మమ్ము చాలాసేపు నిలబెట్టినాడు. రాత్రి పాళీ ప్రమాదమైనచో గంటతో సహా తేదీ వ్రాయవలెనని అప్పటినుండి నేర్చుకొంటిమి.

జాబరు మనిషి అన్న వాదము నిలువలేదు. తన వ్యాపారపు పనిని కాంట్రాక్టరు ద్వారా చేయించుకొన్నను అసలు యజమాని పరిహారమునకు బాధ్యుడే. తరువాత ఆయన కాంట్రాక్టరువద్ద రాబట్టుకొనవచ్చును. కాని ఆ షెడ్డులో పనిచేసినట్లు రుజువు కావలెను గదా. పగారు వారము వారము ఫోనులో జమ అయినది. ఎక్కువసార్లు జాబరు ఫోనునుండి, రెండుసార్లు సేటు కుమారుని ఫోనునుండి. ఆ రెండు జమలు మాకు బంగారమైనవి. సాక్ష్యమునకు ఇద్దరు తోటివారు ఒప్పుకొన్నారు. ఒకడు భయపడి వెనుకకు పోయినాడు. అతనిని మేము తప్పుపట్టలేదు, అతనికి పిల్లలున్నారు. రెండవవాడు నిలిచి చెప్పినాడు.

మిగిలినది ఆసుపత్రి కాగితము. ఇంటివద్ద తలుపు అని వ్రాసియున్నది గనుక కేసు అక్కడనే పోవునని మేము భయపడితిమి. కాని గాయములో నల్లని గ్రీజు ఉన్నట్లు డాక్టరే క్రింద వ్రాసినారు. ఇంటి తలుపుకు గ్రీజు ఎక్కడిది? ఆ ఒక్క వాక్యముతో కేసు తిరిగినది. ప్రతివానికి అట్టి అదృష్టముండదు. కనుక దెబ్బ తగిలినవాని వెంట ఇంటి మనిషి ఒకరు తప్పక ఆసుపత్రికి పోవలెను. ఎక్కడ, ఏ యంత్రమున, ఏ పని చేయుచుండగా తగిలినదో డాక్టరుకు తామే చెప్పి, వ్రాసినది చదివించుకొని, ఫోనుతో బొమ్మ తీసికొనవలెను. బిల్లు సేటు కట్టినంత మాత్రాన ప్రమాదము ఇంటిలో జరిగినట్లు ఒప్పుకొననక్కరలేదు. పనిలో తగిలిన దెబ్బకు వైద్యపు ఖర్చు 2009 సవరణనుండి చట్టప్రకారమే రావలసినది, దయ కాదు.

ఎంత వచ్చును? శాశ్వతముగా పూర్తి శక్తి పోయినచో నెల జీతములో నూటికి 60 వంతులను వయస్సునుబట్టి చట్టములో ఇచ్చిన గుణకముతో హెచ్చవేయుదురు. ముప్పది ఏండ్లకు గుణకము 207.98. లెక్కలోనికి తీసుకొను జీతపు హద్దు 2020 జనవరి 3నుండి 15,000 రూపాయలైనది. ఈతని జీతము 12,000. అందులో 60 వంతులు 7,200. గుణకముతో హెచ్చవేయగా 14,97,456. చూపుడువేలు రెండు కణుపులకు పట్టికలో నూటికి 11 అని ఉన్నది. కనుక 1,64,720 రూపాయలు. దీనిపై ఏటికి నూటికి 12 చొప్పున వడ్డీ. కారణము లేకుండ ఆపినచో పరిహారములో సగము వరకు జరిమానా కూడ వేయవచ్చును. ఈ కేసులో వడ్డీ వచ్చినది, జరిమానా రాలేదు.

పట్టికలోని అంకెతో ఎల్లప్పుడు తృప్తిపడనక్కరలేదు. ఒరిస్సాలో 1968లో పనిలో పడిపోయిన ఒక వడ్రంగికి ఎడమచేయి మోచేతివద్ద తీసివేయవలసి వచ్చినది. ఒంటిచేతితో వడ్రంగము సాగదు గనుక అతని శక్తి పూర్తిగా పోయినట్లేనని కమిషనరు అన్నారు. ఆ మాటను 1975లో సుప్రీంకోర్టు సమర్థించి, పరిహారము ప్రమాదము జరిగిన నాటినుండియే బాకీ పడునని కూడ చెప్పినది. ప్రతి నేతగానికి అట్లే వచ్చునని మేము చెప్పము. అయినను, పేక తెగితే ముడి వేయు వేలు, నాడెలో కండె మార్చు వేలు పోయినదని డాక్టరు ముందు, అధికారి ముందు స్పష్టముగా చెప్పవలెను. సాంచె ముఖము చూడని డాక్టరుకు మన పనిలో ఏ వేలు దేనికి కావలెనో ఎట్లు తెలియును?

సేట్లు సాధారణముగా చెప్పు మరొక మాట, “వాని అజాగ్రత్త” అని. అజాగ్రత్త ఒక్కటే పరిహారమునకు అడ్డు కాదు. మత్తులో ఉన్నందున దెబ్బ తగులుట, కార్మికుల రక్షణకై పెట్టిన నియమమును బుద్ధిపూర్వకముగా మీరుట, రక్షణ తొడుగును కావలెనని తీసివేయుట – ఇవి అడ్డు. మరణము గాని, శాశ్వతముగా పూర్తి శక్తి పోవుట గాని సంభవించినచో ఇవియు అడ్డు రావు. ఇంకొకటి: “నాకేమియు రావలసినది లేదు” అని వ్రాయించుకొన్న కాగితము వలన చట్టమిచ్చిన హక్కు పోదు. అయినను ఖాళీ కాగితముపై వ్రేలిముద్ర వేయకుడు. దానిమీద తరువాత ఏమి వ్రాయుదురో మనకు తెలియదు.

షెడ్డులో ఇ.ఎస్.ఐ. ఉన్నచో దారి వేరు. ఇ.ఎస్.ఐ. క్రింద ఉన్నవాడు కమిషనరు వద్దకు పోవుటకు లేదు. డబ్బు కార్పొరేషను ఇచ్చును. శక్తి ఎంత పోయినదో మెడికల్ బోర్డు నిర్ణయించును. అది తక్కువ వేసినదని తోచినచో మెడికల్ అప్పీలు ట్రిబ్యునలుకు గాని, ఇన్సూరెన్సు కోర్టుకు గాని పోవలెను. కనుక వకీలు వద్దకు పోవుటకు ముందే బీమా నంబరు ఉన్నదా అని విచారింపవలెను. ఈ సంగతి తెలియక ఒక కుటుంబము ఎనిమిది నెలలు తప్పు కోర్టు చుట్టు తిరిగినది.

సొంత ఇంటిలో సొంత మగ్గము నేయువారి సంగతి దీనిలో చేర్చలేదు. అక్కడ యజమాని ఎవరన్నదే మొదటి చిక్కు.

అధికారి మన అర్జీ కొట్టివేసినచో అరువది దినములలోగా హైకోర్టులో అప్పీలు చేయవచ్చును. అక్కడ సాక్ష్యములు మరల మొదటినుండి వినరు. చట్టమునకు సంబంధించిన గట్టి ప్రశ్న ఉండవలెను. కనుక క్రింది అధికారి వద్దనే కాగితములన్నియు దాఖలు కావలెను. యజమాని అప్పీలు చేయదలచినచో ముందు ఆ సొమ్ము కట్టి, కట్టినట్లు సర్టిఫికెటు జతచేయవలెను. మేము చెప్పిన కేసులో సేటు హైకోర్టుకు పోవుదునని చాలా గట్టిగా అన్నాడు. సొమ్ము ముందు కట్టవలెనని ఆయన వకీలు చెప్పిన పిమ్మట ఆ మాట మరల వినబడలేదు.

భీవండిలో దెబ్బ తగిలి స్వగ్రామమునకు తిరిగిపోయినవారు అక్కడికి మరల ప్రయాణము చేయనక్కరలేదు. ప్రమాదము జరిగినచోట గాని, తాము నివసించుచున్నచోట గాని, యజమాని రిజిస్టర్డు ఆఫీసు ఉన్నచోట గాని అర్జీ వేయవచ్చునని 1995 సవరణలో వచ్చినది. కొత్త కోడులోను ఉన్నది. మా వద్దకు వచ్చువారు ఆసుపత్రి కాగితములు, పగారు జమల పట్టీ, ఆధార్ నకలు, ఆ పాళీలో ఉన్న తోటివారి ఫోను నంబర్లు తెచ్చుకొనవలెను. ఆదివారము తప్ప ప్రతిదినము సాయంకాలము ఆరు గంటల తరువాత సంఘ కార్యాలయములో ఉందుము.