యూరియా బస్తా వద్దనే ముందు

నర్సీపట్నం చుట్టుపక్కల ఊళ్లలో ఐసీఆర్పీగానో కృషి సఖిగానో ప్రకృతి వ్యవసాయం పనిలో కొత్తగా చేరినవాళ్లకు జీవామృతం కలపడం శిక్షణలో నేర్పుతారు. రైతు దగ్గర ఏ మాట అనాలో, ఏది అనకూడదో ఊళ్లో తిరిగితేగానీ తెలియదు.

ముందుగా మానేయాల్సిన మాట 'పెట్టుబడి లేని సాగు'. 2016లో మన రాష్ట్రంలో ఈ కార్యక్రమం సుభాష్ పాలేకర్ వాడిన 'జీరో బడ్జెట్' పేరుతోనే మొదలైంది. తర్వాత దీన్ని నడిపే రైతు సాధికార సంస్థ ఆ పేరు వదిలేసింది. మంచి పని చేసింది. ఎందుకంటే రైతు లెక్క వేరు. 45 కిలోల యూరియా బస్తా రూ.266.50 పెట్టి సైకిల్ మీద తెచ్చుకుంటే పనైపోతుంది. ద్రవ జీవామృతానికైతే 200 లీటర్ల డ్రమ్ము, పది కిలోల పేడ, ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టు మన్ను కావాలి. రెండు రోజులు పొద్దునా సాయంత్రం కలపాలి, వారంలోపు చేలో వాడెయ్యాలి. అంత చాకిరీ చేసి ఒక్క ఎకరానికి సరిపడా తయారవుతుంది. డబ్బు ఖర్చు తగ్గుతుంది, చాకిరీ పెరుగుతుంది. ఈ రెండో ముక్క కూడా మీరే ముందు చెప్పండి. ఆ చాకిరీ చాలా ఇళ్లలో ఆడవాళ్ల మీదే పడుతుంది కాబట్టి రైతును ఒప్పించే ముందు ఇంటావిణ్ణి అడగండి. ఇంట్లో ఆవే లేకపోతే, డ్వాక్రా సంఘంలో ఒకరిద్దరు జీవామృతం కలిపి అమ్మేలా చూడండి. వాళ్లకు అదొక ఆదాయం. బెల్లానికి మనకు లోటు లేదు, అనకాపల్లి మార్కెట్ పక్కనే ఉంది. హైడ్రోస్ వేసి తెల్లగా చేసిన బెల్లం మాత్రం వద్దు, ముదురు రంగుదే ఈ పనికి మంచిది.

ఉన్న పొలమంతా ఒకేసారి మార్చమని ఎవరినీ అడగొద్దు. శ్రీలంకలో 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతి ఆపేసింది. రైతులు రోడ్డెక్కడంతో నవంబరుకల్లా వెనక్కి తగ్గింది, అయినా తర్వాతి పంటలో వరి దిగుబడి పడిపోయింది. ఒక దేశం మోయలేని నష్టాన్ని మూడెకరాల రైతు మొయ్యగలడా? అర ఎకరం చాలు, అదీ రోడ్డు వారనున్న మడి అయితే పదిమందీ చూస్తారు. మొదటి ఏడాది దిగుబడి తగ్గొచ్చని ముందే చెప్పండి. తగ్గితే మీ మాట నిలుస్తుంది, తగ్గకపోతే ఇంకా మంచిది. 2024లో మన రాష్ట్ర కార్యక్రమానికి గుల్బెంకియన్ బహుమతి వచ్చిందని సభల్లో చెప్పుకోవచ్చు. కానీ రైతు అడిగేది పక్క చేలో ఎన్ని బస్తాలయ్యాయన్నదే.

అన్నిటికన్నా కష్టం వేసవి విత్తనం. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా ఉంచడం కాగితం మీద తేలిక. తాండవ ఆయకట్టులో కాలువ నీళ్లు రాకముందు చేలు ఖాళీగానే ఉంటాయి, కానీ ఊరి పశువులన్నీ వాటిలోనే. మొలక వచ్చిన వారానికే మేసేస్తాయి. విత్తనం పంచేశామని రిజిస్టర్లో రాసుకుంటే సరిపోదు. పక్కపక్క చేల రైతులను కలిపి ఒక చెక్కగా వేయించండి, పశువులు కాసేవాళ్లతో ముందే మాట్లాడండి, కాస్త ఎదిగాక కొంత మేత వాళ్లకూ వదలండి. గొలుగొండ, రోలుగుంట వైపు మెట్టల్లో జీడి తోటలున్నవాళ్లకు కంచె ఉంటే అక్కణ్ణించే మొదలుపెట్టండి.

కౌలు రైతు విషయంలో మన పోస్టర్లు పనికిరావు. కౌలు కార్డు పదకొండు నెలలకే. మూడో ఏట నేల బాగుపడుతుందంటే, అప్పటికి ఆ నేల ఎవరి చేతిలో ఉంటుందోనని అతని భయం. అతనికి ఆ పంటలోనే తిరిగొచ్చేవి చెప్పండి: బీజామృతంతో విత్తన శుద్ధి, పురుగుకు నీమాస్త్రం, మందుల దుకాణంలో తగ్గే అప్పు. నేల బాగు గురించి భూమి యజమానితో విడిగా మాట్లాడాలి.

రైతు సేవా కేంద్రంలో యూరియా ఇచ్చేది వ్యవసాయ సహాయకుడే కదా అని అతనితో పోటీ పెట్టుకోవద్దు. ఎరువుల పంపిణీ అతని విధి. ఎవరు ఎన్ని బస్తాలు తీసుకెళ్తున్నారో అతనికి తెలుసు, మీకు ఆ సమాచారం కావాలి. తెగులు వచ్చినప్పుడు కషాయంతో ఆగకపోతే అతన్ని పిలవండి. మీ పద్ధతి ఓడిపోయిందనుకుని దాచిపెడితే, నష్టం రైతుది.

కోతలప్పుడు మీరు కళ్లంలో ఉండాలి. ప్రకృతి మడి ధాన్యం, మామూలు మడి ధాన్యం నలుగురి ముందు తూచి, రెండింటి ఖర్చూ రైతు చేతే నోటు పుస్తకంలో రాయించండి. ఆ పుస్తకం పక్క ఊరికి పట్టుకెళ్లండి. ప్రకృతి మడి ధాన్యం మిల్లుకు పంపితే అందరి ధాన్యంలో కలిసిపోతుంది కాబట్టి, నర్సీపట్నంలోనో విశాఖలోనో బియ్యం కొనేవాళ్లను నాట్లప్పుడే వెతికి, విడిగా ఆడించే చిన్న మిల్లును కూడా అప్పుడే మాట్లాడి పెట్టుకోండి.