పోలింగ్ శాతం ఒక్కటే కొలమానమా?

ప్రశ్న: కశ్మీర్ లాంటి చోట భద్రత పెంచితే ఎన్నికల మీద నమ్మకం తిరిగి వస్తుందా?

జవాబు: భద్రత ఓటరును బూత్ దాకా తీసుకురాగలదు, అంతే. 1987 అసెంబ్లీ ఎన్నికల్లో అక్కడ దెబ్బతిన్నది లెక్కింపు మీద నమ్మకం. శ్రీనగర్‌లోని అమీరా కదల్ నియోజకవర్గంలో ఓడినట్టు ప్రకటించిన అభ్యర్థే తర్వాత సయ్యద్ సలాహుద్దీన్ పేరుతో తుపాకీ పట్టాడు. 2002లో ప్రధాన ఎన్నికల కమిషనర్ లింగ్డో నేతృత్వంలోని ఎన్నికల సంఘం ఓటర్ల జాబితాలను సవరించింది. జనానికి అంతకన్నా గట్టిగా కనబడింది ఫలితం: అధికారంలో ఉన్న నేషనల్ కాన్ఫరెన్స్ గద్దె దిగింది. మరి 2024 అసెంబ్లీ ఎన్నికల్లో దాదాపు 64 శాతం ఓటేశారు కదా, అది నమ్మకం కాదా అంటారు. కొంత అవును. అదే ఏడాది బారాముల్లా ఓటర్లు జైల్లో ఉన్న ఇంజనీర్ రషీద్‌ను లోక్‌సభకు గెలిపించారు. కోపం కూడా క్యూలో నిలబడుతుంది మరి! పైగా ఎన్నికైన ప్రభుత్వం చేతిలో పోలీసు శాఖే లేదు. తాము ఎన్నుకున్న ఎమ్మెల్యే దగ్గరికి అరెస్టు గురించి వెళ్లిన తల్లిదండ్రులకు "అది లెఫ్టినెంట్ గవర్నర్ పరిధి" అనే మాటే వినబడితే, వచ్చేసారి వాళ్లు ఎందుకు ఓటేయాలి?