ఫోర్కు విప్పే ముందు

రాజమండ్రి

చి. అమ్మలుకు,

నీ ఫోను మధ్యలో తెగిపోయినా సంగతి అర్థమైంది. వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల్లో రెండు గంటలు సైకిలు తొక్కేసరికి అరచేతులు మొద్దుబారుతున్నాయి, ముందు చక్రం ఫోర్కు సగం కూడా దిగట్లేదు, షాపువాడేమో ఇది పోయింది, కొత్తది వేయించమన్నాడు. పోలేదే పిచ్చిదానా. నీకా సైకిలు అమ్మినాయన 80 కిలోల మనిషన్నావు. నువ్వు 56. ఆయన ఫోర్కులో కొట్టుకున్న గాలి మీదే నువ్వింకా తొక్కుతున్నావు.

ముందు కొలువు. ఫోర్కు పై పైపు మీద సన్నటి రబ్బరు రింగు ఉంటుంది చూడు, దాన్ని కిందికి, సీలు దాకా జరుపు. ఫోర్కును కదలకుండా పట్టే లాకౌట్ వదిలెయ్. హెల్మెట్, నీళ్ల సంచీతో సహా ఎక్కి, తమ్ముణ్ణి సైకిలు పట్టుకోమని, పెడళ్ల మీద నిలబడు. ఎగరొద్దు. మెల్లగా దిగి, రింగు ఎంత పైకి జరిగిందో స్కేలుతో చూడు. నీది 120 మి.మీ. దిగే ఫోర్కు. అందులో ఐదో వంతు, అంటే 24 మి.మీ., నీ బరువుకే దిగాలి. దీన్ని సాగ్ అంటారు. రాయి తగిలితే చక్రం పైకి లేవడానికి చోటు కావాల్సినట్టే, గుంట వస్తే కిందికి దిగి నేలను పట్టుకోవడానికీ కొంత చోటు కావాలి కదా, అందుకు. నీకు 10 కూడా రాదని నా అనుమానం.

గాలికి టైరు పంపు వాడకు. ఫోర్కులో గాలి గది చాలా చిన్నది, ఒక్క దెబ్బకే లెక్క తప్పుతుంది. షాక్ పంపని విడిగా దొరుకుతుంది, సన్నగా, మీటరుతో ఉంటుంది, అది కొనుక్కో. ఎడమ కాలు పైన మూత తీస్తే వాల్వు. కాస్త గాలి తీసి, నాలుగైదుసార్లు ఫోర్కును గట్టిగా నొక్కి, మళ్లీ కొలువు. లోపల పైన ఒక గది, కింద ఒక గది ఉంటాయి. నొక్కితేనే రెండింట్లో గాలి సర్దుకుంటుంది. పంపు ఊడదీసేటప్పుడు బుస్సుమంటే కంగారుపడకు, అది పంపు గొట్టంలో గాలి. మళ్లీ తగిలించి చూస్తే మీటరు తగ్గినట్టు చూపించేదీ అందుకే: కొంత గాలి ఆ గొట్టంలోకి వెళ్తుంది.

ఆ తర్వాతే కింద ఉన్న ఎర్ర నాబు. అది ఫోర్కు తిరిగి లేచే వేగం. గాలి తగ్గించావు కాబట్టి ఇప్పుడు ఫోర్కు నెమ్మదిగా లేస్తుంది, వరుసగా రాళ్లు వస్తే ఒకదాన్నుంచి లేవకముందే రెండోది తగిలి అక్కడే కూరుకుపోతుంది. చేతుల నొప్పికి అదీ ఒక కారణమే. అపసవ్యంగా ఒక్కో క్లిక్కు తిప్పుతూ, హ్యాండిలు నొక్కి వదిలి చూడు. చప్పున లేవాలి గానీ టైరు నేల వదిలి ఎగరకూడదు. ఒకరోజు ఒక్కటే మార్చి, పుస్తకంలో రాసుకో. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో నాక్కూడా తెలీదు.

ఇక సర్వీసు. కింది కాళ్లలో ఆయిలు 50 గంటలకోసారి మార్చాలంటాయి చాలా కంపెనీల పుస్తకాలు. ఆదివారానికి రెండు గంటల లెక్కన నీకు పాతిక ఆదివారాలు. వికారాబాదు ఎర్రమట్టిలో, వానల్లో తొక్కితే అంతకంటే ముందే. ఇది మనకు కొత్త విద్యేం కాదు. 1989లో రాక్‌షాక్స్ కంపెనీ మొదటి ఫోర్కు తెచ్చిన పాల్ టర్నర్ కూడా మోటారు సైకిళ్ల పందేల్లో మెకానిక్కుగా పనిచేసినవాడే. నేను ముప్పై ఏళ్లు విప్పిన బండి ఫోర్కుకు ఇది చిన్న చెల్లెలు.

సర్వీసుకు విప్పే ముందు ఫోర్కులో గాలి మొత్తం తీసెయ్. ఇది మరిచిపోయి విప్పితే భాగాలు ఎగిరి ముఖానికి తగలొచ్చు. చక్రం, బ్రేకు తీసి దూరంగా, గుడ్డ కప్పి పెట్టు. ఒకసారి నా చేతి ఆయిలు బ్రేకు ప్యాడ్లకు అంటి, రెండూ పారేశాను. ఎర్ర నాబు తీసే ముందు సవ్యంగా చివరిదాకా తిప్పుతూ క్లిక్కులు లెక్కపెట్టుకో. అడుగు బోల్టులు మూడు నాలుగు చుట్లే వదులు చేసి, వాటి తల మీద రబ్బరు సుత్తితో కొట్టు. పూర్తిగా ఊడదీసి కొడితే లోపలి మర చెడుతుంది. లోపలి రాడ్డు వదిలాక బోల్టులు తీసి, కాళ్లను కిందికి లాగు. కింద గిన్నె పెట్టుకో. నల్లటి నీళ్లలాంటిది వస్తుంది. అదీ నీ పాత ఆయిలు.

మా షెడ్డులో అన్నీ పెట్రోలుతో కడిగేవాళ్లం. నువ్వా పని చెయ్యకు, రబ్బరు ఉబ్బుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలు, నూలు పోగులు రాలని గుడ్డ చాలు. సీళ్ల కింద స్పాంజి రింగులుంటాయి, వాటిని కడిగి కొత్త ఆయిల్లో నానబెట్టు. సీలు కారకపోతే ఈసారికి దాన్ని కదపకు.

కొత్త ఆయిలు నీ మోడలు పుస్తకం ఎంత చెబితే అంతే, సిరంజితో కొలిచి పొయ్యి. మిల్లీలీటర్ల లెక్క అది, చెంచా లెక్క కాదు. ఎక్కువైతే కాళ్లలో గాలికి చోటుండదు, ఫోర్కు చివరిదాకా దిగదు. అడుగు బోల్టుల వాషర్లు కొత్తవి వెయ్యి. ఆ కాళ్లు మెగ్నీషియంవి, బోల్టు బిగించేటప్పుడు భుజబలం చూపకు, టార్కు రెంచి అద్దెకు తెచ్చుకో.

పై పైపుల మీద పూత ఎక్కడైనా గీరుకుందేమో గోరుతో తడిమి చూడు. గోరు ఆగితే నాకు ఫొటో పంపు. కుడికాలి లోపలి కార్ట్రిడ్జి మాత్రం దసరాకు నేనొచ్చేదాకా విప్పొద్దు.

ఆదివారం మొదలుపెట్టే ముందు గాలి తీశావో లేదో ఒక్క ఫోను చేసి చెప్పు.

మీ మామయ్య