లేని ఆసుపత్రిలో జర్మన్ పాఠం

1990 జనవరి 25వ తేదీ రాత్రి, కొలంబియా దేశం నుంచి వచ్చిన ఏవియాంకా 52 అనే విమానం న్యూయార్కు నగరాన్ని సమీపించింది. వాతావరణం బాగుండలేదు. దిగడానికి వీలు చిక్కక ఆ విమానం గంటకు పైగా ఆకాశంలోనే చక్కర్లు కొట్టింది. ఇంధనం అడుగంటింది. ఒకసారి దిగబోయి విఫలమైన తరువాత, మనం అత్యవసర స్థితిలో ఉన్నామని చెప్పమని కెప్టెన్ తన సహ పైలట్‌కు స్పానిష్‌లో చెప్పాడు. సహ పైలట్ నేలమీది అధికారులకు ఇంగ్లీషులో చెప్పింది మాత్రం, ఇంధనం అయిపోతోందని.

ఆ వాక్యంలో వ్యాకరణ దోషం ఏమీ లేదు. మన పరీక్షల్లో అయితే దానికి పూర్తి మార్కులు వేస్తాము! కాని ఆ వృత్తిలో 'ఎమర్జెన్సీ' అనే మాటకు ప్రత్యేకమైన బలం ఉంది. అది వినబడితే మిగతా విమానాలను తప్పించి దారి ఇస్తారు. ఆ మాట చివరిదాకా వినబడలేదు. కొద్ది నిమిషాల తరువాత విమానం కూలిపోయింది. అందులోని 158 మందిలో 73 మంది మరణించారు. ప్రమాదానికి ఇతర కారణాలూ లేకపోలేదు. అయినా ఇలాంటి అనుభవాల వల్లనే 2008 మార్చి నుంచి అంతర్జాతీయ విమానాల పైలట్లకు ఇంగ్లీషులో ఆరు స్థాయిలలో కనీసం నాలుగవది ఉండాలని నిబంధన వచ్చింది.

భాష తెలియడం వేరు, ఆ భాషలో పని చేయగలగడం వేరు. ఇంగ్లీషు పద్యాన్ని గడగడ అప్పజెప్పే విద్యార్థి బ్యాంకు కౌంటరు ముందు నోరు మెదపకపోవడం నేను ఎన్నోసార్లు చూశాను.

ఇప్పుడు మన దగ్గరి ఉదాహరణ తీసుకుందాం. తెలంగాణ నుంచి ఎందరో నర్సులు జర్మన్ నేర్చుకుని జర్మనీలో ఉద్యోగాలకు వెళుతున్నారు. ఇందుకోసం టామ్‌కామ్ అనే ప్రభుత్వ సంస్థ శిక్షణ కార్యక్రమాలు నడిపింది. జర్మన్‌లో 'న్యూష్‌టెర్న్' అనే మాట ఒకటుంది. నిఘంటువు తెరిస్తే 'తాగి లేని, మత్తులో లేని' అనే అర్థం కనబడుతుంది. ఆసుపత్రిలో అదే మాటకు 'పరగడుపున ఉన్న' అని అర్థం. ఆపరేషనుకు ముందు రోగిని నర్సు అడిగేది దీన్ని గురించే. కడుపులో ఆహారం ఉండగా మత్తుమందు ఇస్తే, అది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. కనుక ఈ ఒక్క మాటను తారుమారు చేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఇటువంటి మాటలను ఎక్కడ అభ్యసించాలి? నిజమైన రోగి మీద తప్పులు చేస్తూ నేర్చుకోవడం కుదరదు. నాలుగు గోడల తరగతి గదిలో మంచం లేదు, రోగి లేడు, తొందర లేదు. ఈ రెండింటికీ మధ్య ఒక చోటు కావాలి. అటువంటి చోటును కంప్యూటర్లలో కల్పించవచ్చు.

అమెరికాలోని లిండెన్ ల్యాబ్ అనే సంస్థ 2003లో 'సెకండ్ లైఫ్' అనే ఊహాలోకాన్ని ఇంటర్నెట్టులో ప్రారంభించింది. అందులో ప్రవేశించిన వారికి తెర మీద ఒక బొమ్మ మనిషి ఉంటాడు. ఆ బొమ్మను 'అవతార్' అంటారు. మన అవతారమే! పడమటి దేశాలకు వెళ్ళి, కంప్యూటరు వేషం వేసుకుని తిరిగి వచ్చింది. ఆ లోకంలో ఇళ్ళు, వీధులు, దుకాణాలు వాడుకునేవారే కట్టుకోవచ్చు. జర్మనీ వారి గోథే ఇన్‌స్టిట్యూట్, స్పెయిన్ వారి సెర్వాంటెస్ ఇన్‌స్టిట్యూట్ వంటి భాషా సంస్థలు కూడా అందులో స్థలాలు ఏర్పరచుకున్నాయి. మొదట టైపు చేసుకుని మాట్లాడుకోవలసి వచ్చేది. 2007లో గొంతుతో మాట్లాడే సౌకర్యం వచ్చింది. దగ్గరి బొమ్మ మాట గట్టిగాను, దూరపు బొమ్మ మాట మెల్లగాను వినబడుతుంది. వార్డులో పక్క మంచం దగ్గరి మాటలు మన చెవిన పడినట్లే.

సరే, అక్కడ ఒక పాఠం ఎలా సాగుతుందో ఊహించండి. హైదరాబాదులో ఉన్న నర్సు తన అవతారాన్ని బొమ్మ ఆసుపత్రిలోకి నడిపిస్తుంది. మంచం మీద రోగి ఉన్నాడు. ఆ రోగి గొంతు జర్మనీలోని ఒక ఉపాధ్యాయునిది. "వో టూట్ ఎస్ వే?" అని ఆమె అడుగుతుంది. ఎక్కడ నొప్పిగా ఉందని అర్థం. ఆయన పుస్తకంలో ఉన్నట్లు జవాబు చెప్పడు. మూలుగుతాడు, సగం మాట మింగేస్తాడు, తన ఊరి యాసలో గొణుగుతాడు. అర్థం కాకపోతే ఆమె మళ్ళీ అడగాలి. ఆ అడగడమే అసలు పాఠం. తప్పు చేసినా ఎవరికీ హాని లేదు.

చోటుకు ఇంత ప్రాధాన్యం ఎందుకు? 1975లో గాడెన్, బాడ్లీ అనే శాస్త్రజ్ఞులు ఒక వింత ప్రయోగాన్ని ప్రచురించారు. సముద్రంలో మునిగి ఈదేవారికి 36 మాటల జాబితాలు వినిపించారు, కొన్ని ఒడ్డున, కొన్ని నీటి అడుగున. ఒడ్డున విన్న మాటలను ఒడ్డునే అడిగితే సగటున 13.5 గుర్తుకు వచ్చాయి, నీటిలో అడిగితే 8.6 మాత్రమే. నీటిలో విన్నవి నీటిలో 11.4, ఒడ్డున 8.4. అంటే మాటతో పాటు అది నేర్చుకున్న చోటు కూడా జ్ఞాపకంలో ముడిపడుతుందన్న మాట. అయితే 2021లో ప్రచురితమైన మరొక పరిశోధనలో ఇదే ప్రయోగాన్ని తిరిగి చేస్తే ఆ తేడా కనబడలేదు. కాబట్టి దీన్ని తిరుగులేని సూత్రంగా మీ నోటు పుస్తకంలో రాసుకోకండి. నా దృష్టిలో బొమ్మ ఆసుపత్రి బలం గోడల్లో కన్నా, ఎదుటి మనిషికి వెంటనే జవాబు చెప్పి తీరవలసి రావడంలో ఉంది.

ఇక్కడ భౌతికశాస్త్రం అడ్డు వస్తుంది. సంభాషణలో ఒకరు ఆపిన తరువాత రెండవవారు అందుకోవడానికి సగటున సుమారు 200 మిల్లీసెకన్లు పడుతుందని వివిధ భాషలలో కొలిచారు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు పోతుంది. హైదరాబాదు నుంచి జర్మనీకి 7,000 కిలోమీటర్లు అనుకుంటే వెళ్ళడానికి 35, తిరిగి రావడానికి 35, మొత్తం 70 మిల్లీసెకన్లు. కేబుళ్ళు తిన్నగా పోవు, మధ్య యంత్రాలు కొంత కాలం తింటాయి కనుక అసలు ఆలస్యం ఇంకా ఎక్కువ. అది హెచ్చితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఇద్దరూ ఒకేసారి ఆగిపోతారు.

మరొక లోపం ముఖానిది. మనం ఎదుటివారి పెదవుల కదలిక చూసి కూడా మాటను పోల్చుకుంటాము. బొమ్మ పెదవులు ఆ సాయం సరిగా చేయలేవు. రోగి నొప్పిని నుదుటి ముడతలలో చూడడం అక్కడ నేర్చుకోలేము. దానికి నిజమైన వార్డులో అడుగుపెట్టవలసిందే.

కంప్యూటరు లేకున్నా మీరు ఒక పరీక్ష చేయవచ్చు. ఇద్దరు మిత్రులు వీపులు ఆనించి కూర్చోండి. ఒకరు రోగి, ఒకరు నర్సు. రోగి మూడు విషయాలు కాగితం మీద ముందే రాసుకోవాలి: నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి, చివరిసారి ఏమి తిన్నారు. ఇంగ్లీషులో అడిగి, నర్సు వాటిని రాబట్టి రాసుకోవాలి. రెండు కాగితాలు పోల్చండి. తరువాత ఎదురెదురుగా కూర్చుని, కొత్త జబ్బుతో మళ్ళీ చేయండి. ఏ పద్ధతిలో తప్పులు ఎక్కువ వచ్చాయో, ఎన్నిసార్లు తిరిగి అడగవలసి వచ్చిందో లెక్క వేయండి.