పిన్ను మారితే సరిపోదు

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ దిక్కు ఊళ్లల్లో దుబాయికో, సౌదీకో పోయినోళ్లున్న ఇళ్లు చాలా ఉంటాయి. ఎమ్మెస్ కోసం అమెరికా పోయే సీనియర్లు కూడా తక్కువేం కాదు. అందరి సూట్‌కేసుల్లోనూ పచ్చళ్ల పక్కన చార్జర్, ఇస్త్రీపెట్టె, మిక్సీ ఉంటాయి. అవి అక్కడ పనిచేస్తాయా? జవాబు మనం ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిందే. చూడాల్సినవి మూడు: పిన్ను, వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ.

ముందు పిన్ను. మన గుండ్రటి మూడు పిన్నుల ప్లగ్గు బ్రిటిష్ వాళ్ల పాత డిజైన్. 1947లో వాళ్లు పలక పిన్నుల కొత్త ప్లగ్గుకి స్టాండర్డ్ తెచ్చుకున్నారు, మన దగ్గర పాతదే ఉండిపోయింది. ఆ కొత్తదాన్నే టైప్ జి అంటారు. దుబాయి, కువైట్, ఖతర్, ఒమన్‌లో ఉండేది అదే. దాంట్లో పొడుగ్గా ఉండే ఎర్త్ పిన్ను లోపలికి పోతేనే మిగతా రెండు రంధ్రాల మూతలు తెరుచుకుంటాయి. అందుకే కొందరు ఎర్త్ రంధ్రంలో రీఫిల్లో, అగ్గిపుల్లో పెట్టి మన టూ పిన్ ప్లగ్గుని దూరుస్తారు. అది లూజుగా ఉండి వేడెక్కుతుంది. ఇస్త్రీపెట్టె లాంటి లోహపు వస్తువుకైతే ఎర్త్ తప్పనిసరి. లోపల వైరు తెగి బాడీకి తగిలితే కరెంటు ఎర్త్ వైరు గుండా పోవాలి. అది లేకపోతే మన చెయ్యి గుండా పోతది. కాబట్టి ఎర్త్ కలిసే మూడు పిన్నుల అడాప్టరే కొనాలి.

రెండోది వోల్టేజీ. మనకు 230. దుబాయిలో దాదాపు అంతే, కువైట్‌లో 240. అక్కడ పిన్ను మారిస్తే చాలు. అమెరికాలో మాత్రం 120. అడాప్టర్ ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని కాదు. పవర్ అంటే వోల్టేజీ స్క్వేర్ బై రెసిస్టెన్స్ కదా! వోల్టేజీ సగమైతే పవర్ పావు వంతు అవుతుంది. మన 1000 వాట్ల కెటిల్ అక్కడ సుమారు 270 వాట్లే ఇస్తుంది. ఉల్టా కేసు ఇంకా డేంజర్. అమెరికా నుంచి తెచ్చిన 1000 వాట్ల హెయిర్ డ్రయ్యర్‌ని కరీంనగర్‌లో పెడితే దాదాపు 3,700 వాట్లు లాగాలని చూస్తుంది. అంటే కాలిపోవడమే.

మూడోది ఫ్రీక్వెన్సీ. రామగుండం ఎన్టీపీసీలో జనరేటర్లు నిమిషానికి 3000 సార్లు తిరుగుతాయి, అందుకే మన కరెంటు 50 హెర్ట్జ్. అమెరికా, సౌదీల్లో 60. మిక్సీ మోటారుకి ఈ తేడా పెద్ద లెక్క కాదు, వోల్టేజీ మాత్రం లెక్కే. అందుకే అమెరికా పోయేటోళ్లు షాపులో 110 వోల్టుల మిక్సీ అడుగుతారు.

ఫోన్, లాప్‌టాప్ చార్జర్లకు ఈ బాధ ఉండదు. లోపలి సర్క్యూట్ ఏసీని డీసీ చేసి, కావలసినంతే బయటికి ఇస్తుంది. లేబుల్ మీద 100 నుంచి 240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే ఏ దేశంలోనైనా అడాప్టర్ చాలు. 230 అని ఒక్కటే ఉంటే అమెరికాకి వద్దు. వేడిచేసే వస్తువులు అక్కడే కొనుక్కోవడం నయం.

ఆ లేబుల్ చిన్న అక్షరాల్లో, ఇంగ్లిష్‌లో ఉంటది. మన వాడకట్టులో ఎవరైనా గల్ఫ్‌కి సామాన్లు సర్దుతుంటే ఒకసారి పోయి చదివి చెప్పండి. రెండు నిమిషాల పని.