ఫైలు నడుస్తుండగా భర్త దగ్గరికి వెళ్లిరావచ్చా?

ప్రశ్న: మాది ఎస్. రాయవరం. పెళ్లయి ఏడాది దాటింది. మావారు కెనడాలో, సర్రేలో ఉంటారు. శాశ్వత నివాస హోదా (పీఆర్) ఉంది. పెళ్లయిన నెలకే వెళ్లిపోయారు. నన్ను స్పాన్సర్ చేస్తూ పెట్టిన దరఖాస్తు ఇంకా తేలలేదు. నేను అడ్డరోడ్డులో ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. ఎండాకాలం సెలవుల్లో ఒక్కసారి వెళ్లి చూసి రావాలని ఉంది. విజిటర్ వీసా అడిగితే ‘ఈవిడ వెళ్తే తిరిగి రాదు’ అని కొట్టేస్తారట. అసలు ఫైలు కూడా పాడవుతుందని మా ఆడపడుచు భయపెడుతోంది. ఏజెంటు ఒకాయన, స్పాన్సర్‌షిప్ సంగతి ఎత్తకుండా, పెళ్లి కాలేదని రాసి వీసా తెప్పిస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందు ఆ ఏజెంటును వదిలించుకోండి. మీ పాస్‌పోర్టు అతని దగ్గరుంటే ఇవాళే వెళ్లి తెచ్చుకోండి. మిగతావి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మీవారు పెట్టిన ఫైల్లో మీ పెళ్లి సర్టిఫికెట్, పెళ్లి ఫొటోలు, మీ పాస్‌పోర్టు నంబరు అన్నీ కెనడా ఇమిగ్రేషన్ శాఖ దగ్గర ఉన్నాయి. విజిటర్ దరఖాస్తు వెళ్లేది కూడా ఆ శాఖకే. ఒక కాగితంలో భార్య, ఇంకో కాగితంలో పెళ్లి కాని పిల్ల అని ఉంటే పట్టుకోవడానికి వాళ్లకు ఎంతోసేపు పట్టదు. అబద్ధం చెప్పారని తేలితే అక్కడి ఇమిగ్రేషన్ చట్టం 40వ సెక్షన్ కింద ఐదేళ్ల నిషేధం పడుతుంది. ఆ ఐదేళ్లూ పీఆర్‌కు దరఖాస్తు పెట్టుకునే వీలు కూడా ఉండదు. ఏజెంటుకు పోయేదేమీ లేదు, నష్టపోయేది మీ కాపురం. పెళ్లిళ్ల బేరగాళ్లను ‘కన్యాశుల్కం’లో నిలదీసిన గురజాడ పుట్టిన ఊరు మీది. ఆ ఊరి ఆడపిల్ల ఇలాంటివాడి చేతికి చిక్కకూడదని నా ఆరాటం.

ఇక మీ అసలు సందేహం. స్పాన్సర్ ఫైలు నడుస్తున్నా విజిటర్ వీసా అడగొచ్చు. అదే చట్టం 22వ సెక్షన్‌లో దీనికి చోటిచ్చారు. అక్కడ స్థిరపడాలనే ఉద్దేశం ఉన్నంత మాత్రాన తాత్కాలికంగా వెళ్లడానికి అనర్హులు కారు. గడువులోగా తిరిగి వెళ్తారని అధికారికి నమ్మకం కలగాలి, అంతే. 2023 మే నెలలో, స్పాన్సర్ ఫైలు ఉన్న భార్యాభర్తల విజిటర్ దరఖాస్తులను త్వరగా చూస్తామని కెనడా ప్రభుత్వమే ప్రకటించింది. కాబట్టి ఆ ఫైలు ఉందని చెప్పుకోవడానికి మీరు జంకక్కర్లేదు.

అయితే నమ్మకం కాగితాల మీదే కలగాలి. మీ ముఖం చూసో, మీ మాట వినో ఆ అధికారి నిర్ణయించరు. అందుకే దరఖాస్తుతో పాటు ఒక ఉత్తరం పెట్టండి. ఒక పేజీ చాలు. నన్ను నా భర్త స్పాన్సర్ చేశారు, దరఖాస్తు నంబరు ఇది, ఇంకా పరిశీలనలో ఉంది. నేను ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఆయనతో ఉండి, జూన్‌లో బడి తెరిచేసరికి తిరిగి వస్తాను. ఈలోగా పీఆర్ రాకపోతే ఇక్కడే ఆగి ఎదురుచూస్తాను. ఇంత సూటిగా రాయండి. అత్తామామలు, సంప్రదాయాలు, విరహం అంటూ పేజీలు నింపకండి.

ఆ ఉత్తరానికి దన్నుగా ఏమేం పెట్టాలో చెబుతాను. మీకు పెద్ద బలం మీ ఉద్యోగమే. స్కూల్ లెటర్‌హెడ్ మీద కరస్పాండెంట్ సంతకంతో సెలవు మంజూరు ఉత్తరం తీసుకోండి. అందులో మీరు ఎప్పుడు చేరారు, జీతమెంత, ఏ తేదీకి తిరిగి డ్యూటీలో చేరాలి అన్నది స్పష్టంగా ఉండాలి. ప్రైవేటు స్కూళ్లలో చాలాచోట్ల జీతం చేతికే ఇస్తారు. మీకూ అంతే అయితే ఈ నెల నుంచే బ్యాంకులో వేయమని అడగండి. మీ పేరున పొలం ఉంటే పట్టాదారు పాసు పుస్తకం, బీఈడీ లాంటిది చదువుతుంటే ఫీజు రసీదు, హాల్‌టికెట్ పెట్టండి. ఖర్చు మీవారిదైతే ఆయన జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఇంటి అద్దె ఒప్పందం, ఆహ్వానపత్రం కావాలి. నెల ముందు ఎవరి దగ్గరో తెచ్చి ఖాతాలో వేసిన లక్షలు మేలు చేయవు, అనుమానం పెంచుతాయి.

ఇంకొకటి చూసుకోండి. టెన్త్ సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు, పెళ్లి సర్టిఫికెట్‌లో అత్తింటి ఇంటిపేరు, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, ఇలా మన ఆడపిల్లల కాగితాలు ఒకదానితో ఒకటి కలవవు. పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా, రెండు దరఖాస్తుల్లోనూ నింపండి. వేరే పేరుతో కాగితం ఉంటే దాన్నీ ఫారంలో చూపించండి.

ప్రభుత్వానికి కట్టాల్సింది వీసాకు 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకు 85 డాలర్లు. ఆపైన వీసా సెంటర్ వాళ్ల ఛార్జీలు కొన్ని ఉంటాయి. వేలిముద్రలు ఇవ్వాల్సి వస్తే హైదరాబాద్‌లో సెంటర్ ఉంది, నర్సీపట్నం రోడ్డు స్టేషన్‌లో బండెక్కితే మర్నాటికి పని చూసుకుని బయల్దేరొచ్చు. వీసా చేతికి రాకుండా విమానం టికెట్ మాత్రం కొనకండి.

విమానం దిగాక అక్కడి అధికారి మళ్లీ అడుగుతారు. వీసా ఉన్నా లోపలికి పంపాలా వద్దా అన్నది ఆ అధికారి ఇష్టమే. ఎందుకొచ్చారంటే ‘టూరిస్టుని’ అనకండి. ‘నా భర్తను చూడటానికి. స్పాన్సర్ ఫైలు నడుస్తోంది. ఫలానా తేదీన తిరుగు టికెట్ ఉంది’ అనండి. సెలవు ఉత్తరం హ్యాండ్‌బ్యాగులోనే ఉండాలి, చెకిన్ లగేజీలో కాదు. వేరే తేదీ రాయకపోతే మామూలుగా ఆరు నెలలు ఉండొచ్చు. విజిటర్‌గా ఉన్నన్నాళ్లూ ఉద్యోగం చేయకూడదు, జీతం లేకుండా చేసినా చిక్కే.

మీవారు మీ ఫైలు ఏ పద్ధతిలో పెట్టారో కనుక్కోండి. మీరు ఇక్కడ ఉండగా పెట్టారు కాబట్టి ‘కెనడా బయట’ పద్ధతే అయి ఉండాలి. దానికి మీరు వెళ్లి రావడం అడ్డు కాదు. అక్కడికి వెళ్లాక ఎవరైనా ‘ఇది మానేసి కెనడా లోపలి పద్ధతిలో కొత్తది పెట్టండి’ అంటే ఆలోచించుకోండి. ఆ పద్ధతిలో ఇద్దరూ అక్కడే కలిసి ఉండాలి. మధ్యలో ఇంటికొచ్చి తిరిగి లోపలికి పోలేకపోతే ఆ దరఖాస్తు నిలవదు. పైగా తిరస్కరిస్తే అప్పీలు హక్కు కూడా లేదు.

వీసా రాకపోతే మీవారే రావచ్చు. సెలవు పెట్టి కొన్ని వారాలు రావడంలో ఇబ్బంది లేదు. కానీ పీఆర్ మీద స్పాన్సర్ చేసేవాళ్లు కెనడాలోనే నివాసం ఉండాలి. ఉద్యోగం వదిలేసి నెలల తరబడి రాయవరంలో ఉండిపోతే ఫైలుకే ముప్పు. మీరు వెళ్లినా ఆయన వచ్చినా బోర్డింగ్ పాసులు, కలిసి దిగిన ఫొటోలు దాచిపెట్టండి. మీది నిజమైన కాపురమని చూపడానికి అవీ పనికొస్తాయి.

ప్రశ్న: అల్లుడికి అమెరికా గ్రీన్‌కార్డు ఉంది. అమ్మాయికి ఐ-130 (వలస పిటిషన్) వేశారు. ఈలోగా టూరిస్టు వీసా మీద పంపి, అక్కడే ఉంచేసుకుంటే?
– ఒక తండ్రి, యలమంచిలి

జవాబు: వద్దు బాబూ. విజిటర్ వీసా విషయంలో అమెరికా చట్టం ఇంకా కఠినం. అందులోని 214(బి) సెక్షన్ ప్రకారం, వలస ఉద్దేశం లేదని నిరూపించుకునే బాధ్యత మీ అమ్మాయిదే. మీ కోసం ఎవరైనా వలస పిటిషన్ వేశారా అని డీఎస్-160 ఫారంలోనే అడుగుతారు. అవునంటే టూరిస్టు (బీ-2) వీసా రావడం కష్టం, కాదంటే అబద్ధం. అబద్ధానికి అక్కడ పడే నిషేధానికి ఐదేళ్లు, పదేళ్లు అన్న గడువే లేదు. ఉండిపోవాలనే ఉద్దేశంతో టూరిస్టుగా దిగడం కూడా మోసం కిందకే వస్తుంది.

గ్రీన్‌కార్డుదారుల భార్యలు ఎఫ్2ఏ వరుసలో ఉంటారు. అది ఎంతవరకు వచ్చిందో ప్రతినెలా వీసా బులెటిన్‌లో వేస్తారు, అల్లుణ్ణి చూడమనండి. గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్లు అవుతుంటే పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోమనండి. పౌరుడైతే భార్యకు ఆ వరుసే ఉండదు. అప్పటిదాకా అతను వచ్చి వెళ్లడమే మంచిది. ఆరు నెలలు దాటకుండా చూసుకోవాలి, దాటితే పౌరసత్వానికి లెక్కపెట్టే ఐదేళ్ల నివాసానికే ఎసరు రావచ్చు.

ప్రశ్న: కెనడా విజిటర్ వీసా తిరస్కరించారు. దీనివల్ల మావారు పెట్టిన స్పాన్సర్ ఫైలు పోతుందా?
– ఒక పాఠకురాలు, పాయకరావుపేట

జవాబు: పోదు. మీరు నిజమే రాసి ఉంటే ఆ తిరస్కరణ దేనికీ మచ్చ కాదు. ఇకపై ఏ ఫారంలో అడిగినా వీసా తిరస్కరించారని రాయాల్సి ఉంటుంది. వెంటనే అవే కాగితాలతో మళ్లీ వేయకండి, అదే జవాబు వస్తుంది. అధికారి ఫైల్లో ఏం రాసుకున్నారో తెలుసుకునే సమాచార హక్కు కెనడాలోనూ ఉంది. మీవారు కెనడాలో ఉన్నారు కాబట్టి మీ సంతకంతో ఉన్న సమ్మతి పత్రం జతచేసి ఆయన అడగొచ్చు, రుసుము 5 డాలర్లు. ఆ నోట్సు వచ్చాక, అందులో ఏ లోటు చూపారో దానికి తగిన కాగితం సంపాదించి అప్పుడు మళ్లీ వేయండి.