త్రో-ఇన్ తగవులు

బాస్కెట్‌బాల్ ఆటలో బంతి హద్దు దాటినపుడు, వెలుపల నిలిచి దానిని మరల లోనికి విసరుటను త్రో-ఇన్ అందురు. చూచువారికి ఇది విరామమువలె తోచును గాని, తగవులు పెక్కు పుట్టునది ఇచ్చటనే.

క్రిందటి యేట వ్యాయామోపాధ్యాయులు సెలవులో నుండుటచే ఒక పోటీకి ఈల మా చేతికి వచ్చినది. వ్యాకరణము చెప్పువారు ఆటలో తీర్పు చెప్పగలరని ప్రధానోపాధ్యాయులవారికి ఎట్లు తోచెనో తెలియదు! ఆఖరు నిమిషమున ఒక బాలుడు త్రో-ఇన్ వేయవలసి వచ్చెను. తనవారినందరిని ఎదుటిపక్షము అడ్డగించియుండెను. అతడు తనకు వీపు త్రిప్పి నిలిచిన ప్రత్యర్థి వీపునకు బంతిని మెల్లగా తగిలించి, తానే లోనికి దుమికి, దానిని అందుకొని బుట్టలో వేసెను. మేము ఈల వేసి ఆ రెండు పాయింట్లను త్రోసివేసితిమి. ఒక్క పాయింటుతో అతని జట్టు ఓడెను.

ఆ రాత్రి నిబంధనలు చదువగా బాలునిదే న్యాయమని తేలినది. విసరినవాడు, మైదానమున మరియొక ఆటగాడు తాకకముందు బంతిని ముట్టరాదు. ఆ మరియొకడు తన జట్టువాడే కానక్కరలేదు! మేము లేని విశేషణమును సూత్రమునకు చేర్చి చదివితిమి. బలముగ కొట్టి గాయపరచినచో అది వేరు మాట.

లోపలి ఆటగానిని తాకువరకు గడియారము కదలదు. అందుచే త్రో-ఇన్ బంతి నేరుగా బుట్టలో పడినను పాయింట్లు లేవు. లోపలివాని వ్రేలికొన తగిలి పడినచో కలవు. ఎవరికిని తగులక ఆవలి హద్దు దాటినచో బంతి ఎదుటిపక్షమునకు చెందును; వారు దానిని బయటపడిన చోటినుండి గాక, మొదట విసరిన చోటినుండియే వేయవలెను. కాని గీతపై కాలుంచిన సహచరుడు దానిని పట్టినచో దోషము అతనిది, చోటును అతనిదే. ఏలయన గీత మైదానములోనిది కాదు. ఈ కారణముచేతనే విసరువాడు గీతను త్రొక్కినను తప్పులేదు. బంతి చేతనుండగా లోపలి నేలను త్రొక్కరాదు.

అయిదు సెకండ్ల గడువు క్రొత్తది కాదు. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డున జేమ్స్ నైస్మిత్ వ్రాసిన పదమూడు నిబంధనలలోనే అది కలదు. చూపిన చోటినుండి ప్రక్కలకు మొత్తము ఒక మీటరుకు మించి జరుగరాదు; వెనుకకు పోవచ్చును. ఎదుటివారు గోలు చేసిన పిదప మాత్రము బుట్ట వెనుక గీత పొడవునను పరుగెత్తవచ్చును, గీత వెలుపల సహచరునికి బంతి అందీయవచ్చును. అట్లు చేసినను అయిదు సెకండ్లు మరల మొదలుకావు.

విసరువాడు బంతిని గీత దాటించి చాపినచో ప్రత్యర్థి లాగికొనవచ్చునా? అమెరికా ఉన్నత పాఠశాలల నిబంధనలు ఒప్పుకొనును. మనవారు అనుసరించు అంతర్జాతీయ నిబంధనలు ఒప్పుకొనవు. మొదట హెచ్చరిక, మరల చేసినచో టెక్నికల్ ఫౌలు కావచ్చును.

మరునాడు తరగతిలో ఆ బాలుని పిలిచి, తప్పు మాదేనని అందరి యెదుట చెప్పితిమి. అతడు తల వంచుకొని, "ఫరవాలేదండి" అనెను. స్కోరు పత్రముపై రెఫరీ సంతకము పడిన పిదప ఫలితము మారదు. ఆ సంతకము మాదే.